ఖాళీ పీట మీద రొట్టెల కర్ర

మడతక్క మంచి మనిషని చెప్పి మొదలుపెడితే మొదటి వాక్యంలోనే అబద్ధమాడినట్టవుతుంది. ఆమె నోట్లో నోరుపెట్టి నెగ్గుకొచ్చినవాళ్ళు లేరు. బేకరీలో ఇరవై ఆరేళ్ళు పిండి మడతలు వేశాను కాబట్టి ఆ పేరొచ్చిందని ఆమె చెప్పుకునేది. నోరు తెరిస్తే మడతపేచీ కాబట్టి వచ్చిందని బేకరీలో పిల్లికి కూడా తెలుసు. పెళ్ళి కాలేదు. చేసుకోలేదని ఆమె అంటుంది, ఎవరికీ అంత ధైర్యం చాల్లేదని మిగతావాళ్ళు అంటారు.

పని మాత్రం వచ్చు. అది పగవాళ్ళయినా ఒప్పుకోవాలి. పఫ్ పిండి చేయడమంటే మాటలు కాదు. మైదా ముద్దని పలచగా సాగదీసి, మధ్యలో చల్లటి వెన్న పలక పెట్టి, మూడు మడతలు వేసి, చల్లబెట్టి, మళ్ళీ సాగదీసి, మళ్ళీ మడతలు. అలా ఆరుసార్లు. వెన్న కరిగితే పని చెడింది, పిండి చిరిగితే పని చెడింది. రోజుకి నలభై కిలోలు. తమ్ముడి చదువూ, తమ్ముడి పెళ్ళీ ఆమె మణికట్ల మీదే జరిగాయి. చివరికి ఆ మణికట్లే పోయాయి. యాభై నాలుగో ఏట ఒకరోజు రొట్టెల కర్ర చేతిలోంచి జారి యజమాని కాలి మీద పడింది. జారిందని ఆమె ఎంత చెప్పినా, విసిరావని ఆయన నమ్మాడు. ఆమెకున్న పేరు అలాంటిది. మర్నాటి నుంచి రానక్కర్లేదన్నారు.

తమ్ముడు తీసుకొచ్చి తన ఫ్లాట్లో వంటింటిని ఆనుకున్న గదిలో పెట్టాడు. ఒక కిటికీ, ఒక మంచం, తలుపుకి లోపలి నుంచి ఒక గడియ. అంతకుముందు ఇరవై ఆరేళ్ళూ బేకరీ మేడ మీద ఐదుగురు ఆడవాళ్ళతో కలిసి పడుకున్న మనిషి ఆమె. ఒకరి గురక, ఒకరి ఏడుపు, ఒకరి ఫోను. తమ్ముడింట్లో మొదటి రోజు గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుంది. చచ్చేదాకా ఈ గది దొరికితే చాలు, ఇంకేం అక్కర్లేదనుకుంది. మన కథంతా ఈ గది గురించే.

ఆ గది మీద మరదలికి ముందు నుంచే కన్నుంది. వాళ్ళమ్మ ఒక్కతే ఉంటోంది, మోకాళ్ళు అరిగాయి, ఎవరో ఒకరు చూసుకోవాలి. అన్నం దగ్గర ఈ మాట రోజూ వచ్చేది. "మా అమ్మ నిన్న మెట్ల మీద కూర్చుండిపోయిందట" అని కూర వడ్డిస్తూ అనేది. మడతక్క తలెత్తకుండా తినేది. తమ్ముడు ఏ ఎండకా గొడుగు పట్టే రకం. "చూద్దాంలే" అనేవాడు. ఆ 'చూద్దాం' ఏదో ఒకరోజు ఎటో ఒకవైపు మొగ్గుతుందని మడతక్కకి తెలుసు.

అప్పుడు ఆదుకుంది చక్రమే.

ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం తమ్ముడి ఆఫీసువాళ్ళు ఇంటికొచ్చేవారు. పేకాట, కబుర్లు, పిల్లల పరీక్షల గొప్పలు. ఒక శనివారం మరదలికి జ్వరమొస్తే, ఫలహారం నేను చూస్తానని మడతక్క వంటింట్లోకి దూరింది. బేకరీలో పాత మేస్త్రీ ఎవరో ఇటలీ వంటవాడి దగ్గర నేర్చుకొచ్చిన రొట్టె ఒకటుంది, అది చేసింది. పాలకూర, తెల్ల చీజ్, వెల్లుల్లి, పిజ్జా మీద చల్లుకునే ఆ ఎండాకు, అన్నీ కలిపి పఫ్ పిండిలో పొదిగి, గాజులా గుండ్రంగా చుట్టి కాల్చి, మధ్యలో టమాటా సాసు గిన్నె పెట్టి తెచ్చింది. తుంచుకోవడం, ముంచుకోవడం, తినడం. పేకముక్కలు కింద పెట్టి మరీ తిన్నారు. ఆఫీసరుగారు వేళ్ళు నాక్కుంటూ దానికి చక్రమని పేరు పెట్టారు.

ఆ ఆదివారం మరదలు మళ్ళీ మోకాళ్ళ మాటెత్తబోతే తమ్ముడు మొదటిసారి నోరు విప్పాడు.

"చక్రం చేసే మనిషి వంటింటి పక్కన ఉండాలి కదే. రెండ్రోజుల పనట అది. రాత్రీ పగలూ లేచి పిండి చూసుకోవాలట."

మరదలు నోరు మూసుకుంది. గది నిలిచింది. రెండ్రోజుల పనన్నది నిజమే. ఆ రెండ్రోజులూ మడతక్కని ఎవరూ బట్టలారేయమనేవారు కాదు, గిన్నెలు తోమమనేవారు కాదు. ఆమె కూడా ఊరుకుందా? "పిండి నిద్రపోతోంది, గట్టిగా నడవకండి" అని ఇంటిల్లిపాదినీ మునివేళ్ళ మీద నడిపించింది.

ఏడాది గడిచేసరికి చేతులు పూర్తిగా మొరాయించాయి. కర్ర పట్టుకుంటే మణికట్టులో సూదులు గుచ్చినట్టుండేది. ఒక శుక్రవారం మూడో మడతకే పిండి చిరిగింది, వెన్న బయటికొచ్చింది, ఆమె పీట మీద తల పెట్టుకుని ఏడ్చింది. తర్వాత లేచి, సంచీ పట్టుకుని, పాత బేకరీ వెనక గుమ్మం దగ్గరకి పోయి, మడతలన్నీ వేసి సిద్ధంగా ఉన్న పఫ్ పిండి షీట్లు రెండు కొనుక్కుని, పాలకూర కట్టల కింద దాచి తెచ్చింది. షీటు చేతిలో ఉంటే చక్రం అరగంట పని. పిల్లలు కూడా చేస్తారు.

ఆ శనివారం అతిథులు తిని, "ఈసారి పొరలు ఇంకా బాగా విడిచాయండీ" అన్నారు.

ఇరవై ఆరేళ్ళ పనితనానికి ఆ మాట చెప్పుదెబ్బ. పైకి మాత్రం దొంగకి తేలు కుట్టినట్టు నోరు మెదపకుండా నిలబడింది. నిజం చెబితే గది పోతుంది.

అప్పట్నుంచి మొదలైంది నాటకం. షీట్లు ఫ్రిజ్‌లో కూరల వెనక ఉండేవి. శనివారం అతిథులు వచ్చి కూర్చున్నాక, చివరి మడతలు వేయాలని చెప్పి వంటింటి తలుపు మూసుకునేది. ఖాళీ పీట మీద ఖాళీ కర్ర దొర్లించేది. మధ్యమధ్యలో పీటని దబదబా బాదేది. ఎంతసేపు బాదితే అంత కష్టమని లెక్క. ఒక్కోసారి ఇరవై నిమిషాలు, ఓపికుంటే నలభై. పిండి లేకపోతే కర్ర తేలిగ్గానే దొర్లుతుంది, అయినా చేతులు నొప్పెట్టేవి. చెంపకి కాస్త మైదా పూసుకోవడం కూడా మరిచేది కాదు. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. అయినా చక్రం పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి అందరూ చప్పట్లు కొట్టేవారు. మొదటి ముక్క ఎవరికివ్వాలో మరదలు చెప్పేది. ఒకసారి ఆఫీసరుగారికి, ఒకసారి పక్క ఫ్లాటు ఆవిడకి, ఒకసారి ఎవరి పిల్లాడికో. ఇచ్చిన ప్రతిసారీ ఒకటే నవ్వులు. అదేదో మర్యాద కాబోలనుకుని మడతక్క ఉబ్బిపోయేది. రెండేళ్ళు ఆ చప్పట్ల మీదే బతికింది.

తర్వాత మేనల్లుడి పెళ్ళయి, ఇంట్లోకి కొత్తపిల్ల వచ్చింది. కళ్ళద్దాల దుకాణంలో పని. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. మామగారి అక్క కాబట్టి మడతక్కని పెద్దమ్మా అని పిలిచేది. ఆ ఇంట్లో ఆమె గది తలుపు తట్టి లోపలికి వచ్చే మనిషి ఆ పిల్లొక్కతే.

"పెద్దమ్మా, నాకు చక్రం నేర్పుతారా?" అని అడిగింది రెండో నెలలో.

మడతక్కకి ఇది నేర్చుకుంటే ఇంక నేనెందుకు అన్న ఆలోచన వచ్చింది. వచ్చాక ఆమెలో దయాదాక్షిణ్యాలేవీ మిగల్లేదు. సరేనంది. నేర్పడం అంటే ఏమిటో చూపించింది. నాలుగు కట్టల పాలకూర కాడలు తుంచమంది. ఉడికించి, బట్టలో మూటగట్టి, చుక్క నీరు లేకుండా పిండమంది. "తడి ఉంటే అడుగు పచ్చిగా ఉండిపోతుంది, ఇంకా పిండు" అని నాలుగుసార్లు పిండించింది. పిల్ల చేతులు ఎర్రబడ్డాయి. పిండి దగ్గరికొచ్చేసరికి, "ఇంక బయటికి పో. పిండి కొత్త చేతులకి లొంగదు" అని తలుపేసింది. నెలనెలా ఇదే తంతు. ఒకసారి అతిథుల ముందే, "దీని చేతికిస్తే చక్రం కాదు, పంక్చరైన టైరొస్తుంది" అంది. అందరూ నవ్వారు. పిల్ల కూడా నవ్వడానికి ప్రయత్నించింది.

నాలుగో నెలలో హద్దు దాటింది. పిల్ల సాసు గిన్నె తెస్తుంటే చేయి జారి నాలుగు చుక్కలు బల్ల మీద పడ్డాయి. పదిహేను మంది చూస్తున్నారు.

"గిన్నె పట్టుకోవడం కూడా రాదా? మీ అమ్మ నీకేం నేర్పినట్టు?" అంది మడతక్క.

వాళ్ళమ్మ ఆ పిల్ల ఆరేళ్ళప్పుడే పోయింది. మడతక్కకి ఆ సంగతి తెలుసు. తెలిసే అంది. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. పిల్ల గుడ్డ తెచ్చి బల్ల తుడిచి లోపలికెళ్ళింది. మడతక్క తన గదిలోకొచ్చి గడియ వేసుకుని, తప్పు చేశానని ఒక క్షణం అనుకుంది. ఆ క్షణం దాటాక, పోనీ ఇంక నేర్పమని అడగదులే అనుకుని నిద్రపోయింది.

మరుసటి నెల పిల్ల అడగకుండానే వంటింట్లోకి వచ్చింది. పాలకూర పిండింది, చీజ్ తురిమింది. హాల్లో అతిథులు వచ్చి కూర్చున్నారు. మడతక్క పీట దించి, కర్ర తీసి, "ఇంక వెళ్ళు" అంది.

పిల్ల వెళ్ళలేదు. ఫ్రిజ్ తెరిచి, కూరల వెనక చెయ్యి పెట్టి, రెండు షీట్లూ తీసి పీట పక్కన పెట్టింది.

మడతక్క గబుక్కున వాటి మీద గుడ్డ కప్పింది.

"కర్ర నాకివ్వండి పెద్దమ్మా" అంది పిల్ల, గొంతు పెంచకుండా. "నేను దొర్లిస్తుంటాను. మీరు వెనక వరండాలోంచి వెళ్ళి, హాలు పరదా పక్కన నిలబడి వినండి."

"ఏం వినాలి?"

"వెళ్ళండి. మీకే తెలుస్తుంది."

పిల్ల కర్ర తీసుకుని ఖాళీ పీట మీద దొర్లించడం మొదలుపెట్టింది. మధ్యమధ్యలో బాదుతోంది, అచ్చం మడతక్కలాగే. ఆ చప్పుడు వింటూ మడతక్క వరండాలోంచి చుట్టూ తిరిగి పరదా వెనక్కి వెళ్ళింది.

"మొదలైంది, మొదలైంది. టైం చూసుకోండి" అంటోంది మరదలు. "ఎవరెవరు ఎంత చెప్పారు? మీరు పాతిక నిమిషాలు, మీరు ముప్పై ఐదు."

"నేను పద్దెనిమిది" అన్నాడు ఆఫీసరు. "మొన్న ఆవిడ చేతులు చూశాను, వాచి ఉన్నాయి. ఇవాళ ఎక్కువసేపు లాగలేదు."

"పోయిన నెల నలభై రెండు కొట్టింది. నాకు మొదటి ముక్క పోయింది" అంది పక్క ఫ్లాటు ఆవిడ.

"ఈ కొత్తవాళ్ళకి అర్థం కాలేదు, చెప్పండి" అన్నారెవరో.

"ఏముందండీ" అంది మరదలు. "పిండి బేకరీలో కొంటుంది. రెండేళ్ళ కిందట చెత్తబుట్టలో కవరు దొరికింది నాకు. లోపల ఉత్త పీట. పిండీ లేదు, గిండీ లేదు. ఎంతసేపు బాదుతుందో దగ్గరగా చెప్పినవాళ్ళకి మొదటి ముక్క."

నవ్వులు. ఎవరో దగ్గేదాకా నవ్వారు. అప్పుడు తమ్ముడి గొంతు వినిపించింది.

"అసలు తమాషా బయటికొచ్చేటప్పుడు చూడాలి" అంటున్నాడు. పరదా సందులోంచి చూస్తే, లేచి నిలబడి, ఒక చేత్తో నడుం పట్టుకుని, మోచేత్తో నుదురు తుడుచుకుంటూ, కాళ్ళీడ్చుకుంటూ నాలుగడుగులు వేశాడు. "అబ్బబ్బా, ఈ పిండి నా ప్రాణం తీసిందిరా తమ్ముడూ."

గొంతు అచ్చు దిగింది. చిన్నప్పట్నుంచి విన్న గొంతు కదా, దిగకేం చేస్తుంది. హాలంతా ఘొల్లుమంది.

మడతక్క వంటింట్లోకి తిరిగొచ్చింది. పిల్ల ఇంకా దొర్లిస్తూనే ఉంది.

"ఆపు" అంది మడతక్క.

"ఆపితే వాళ్ళు లెక్క కట్టేస్తారు" అని ఆపింది పిల్ల. "నేనొచ్చిన రెండో వారంలోనే నాకు చెప్పారు. నువ్వూ ఒక అంకె చెప్పాలన్నారు. నేను చెప్పలేదు. నేర్చుకుంటే, ఇక మీ బదులు ఆ పిండి పని నేను చేస్తానని చెప్పి ఈ ఆట ఆపించొచ్చనుకున్నా. పోయిన నెల మీరు మా అమ్మ మాట అన్నాక, నేనూ వెళ్ళి వాళ్ళతో కూర్చుని నవ్వాను."

"ఇప్పుడెందుకు చెప్పావు మరి?"

"మీకు నొప్పి కలగాలని" అంది పిల్ల. అబద్ధం చెప్పలేదు. మడతక్క మొదటిసారి ఆ పిల్లని మనిషిగా చూసింది.

తర్వాత ఆమె తలుపు బార్లా తెరిచిపెట్టి, హాల్లోంచి అందరికీ కనబడేలా, చక్రం చేసింది. షీటుని త్రికోణాలుగా కోసింది. గుండ్రటి ట్రేలో వాటి వెడల్పు వైపు లోపలికి, మొనలు బయటికి వచ్చేలా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించి పేర్చింది. పిల్లలు గీసే సూర్యుడిలా వచ్చింది. మధ్యలో గిన్నె పట్టేంత ఖాళీ వదిలింది. లోపలి వలయం మీద పాలకూర ముద్ద పరిచి, ఒక్కొక్క మొననీ దాని మీదుగా లోపలికి మడిచి అడుగున దోపింది. గుడ్డు సొన రాసి ఓవెన్లో పెట్టింది. పన్నెండు నిమిషాలు కూడా పట్టలేదు. హాల్లో నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి.

పాతిక నిమిషాలకి ఎర్రగా కాలిన చక్రాన్ని తెచ్చి బల్ల మీద పెట్టింది. చెంపకి మైదా లేదు. నడుం మీద చెయ్యి లేదు.

"పిండి బేకరీది. రెండేళ్ళ నుంచీ బేకరీదే. నా చేతులు పోయాయి" అంది. ఆ మాటతో వాళ్ళందరి తలలూ వంగుతాయని, తమ్ముడు లేచొచ్చి చేతులు పట్టుకుంటాడని ఆమె అనుకుంది. పాపం, అంత నోరున్న మనిషికి కూడా అంత అమాయకత్వం ఉంది.

ఒక్క తలా వంగలేదు. అందరూ కాస్త ఇబ్బందిగా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, అంతే.

"ఇప్పుడెందుకక్కా ఇదంతా" అన్నాడు తమ్ముడు.

"తెలుసు వదినా" అంది మరదలు, చాకు అందుకుంటూ. "మీ మర్యాద పోకూడదని తెలియనట్టే ఉన్నాం. మీరే బయట పెట్టుకున్నారు."

"పోనిద్దురూ, రుచికేం తక్కువ" అని ఆఫీసరు ముక్క తుంచుకున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తిన్నారు, గడియారం చూసుకున్నారు, మామూలు కంటే ముందే లేచారు. అందర్నీ సాగనంపి వచ్చాక మరదలు ప్లేట్లు తీస్తూ, "నెలకోసారి నలుగురూ కడుపుబ్బా నవ్వుకునేవాళ్ళు. అదీ లేకుండా చేశారు" అంది. తిట్టినట్టు కాదు, నిజంగా బాధగానే అంది.

పై నెల చక్రం కొత్తపిల్ల చేసింది. అందరి మధ్యలో, హాల్లోనే, బల్ల మీద. ఇంత తేలికా అని ఆశ్చర్యపోయి ఆడవాళ్ళంతా ఫోన్లలో వీడియో తీసుకున్నారు. మడతక్క గదిలోంచి విన్నది. ఎవరూ పిలవలేదు. పిల్ల ఒక ముక్క ప్లేట్లో పెట్టి తెచ్చి, తలుపు తట్టి, గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయింది. మడతక్క తిన్నది. తడి లేదు. బాగా పిండింది.

ఆ బుధవారం తమ్ముడు కొలిచే టేపుతో వచ్చాడు. వెనక వరండాలో, బట్టలుతికే మిషను పక్కన నిలబడి, "అక్కా, ఒకసారి ఇలా రా" అని పిలిచాడు.

"అత్తయ్యగారి మోకాళ్ళు బొత్తిగా పనిచెయ్యట్లేదు" అన్నాడు, ఆమె మొహం వైపు చూడకుండా. "ఆవిడకి గది ఉండాలి. ఇక్కడ అద్దాలు బిగిస్తే గాలీ వానా రాదు. పరదా కట్టిస్తాను. నువ్వు ఇప్పుడు వంటింటి పక్కనే ఉండాలన్న పనేం లేదు కదా."

బేకరీని గడగడలాడించిన మనిషికి ఎన్నో మాటలు గొంతుదాకా వచ్చాయి. నీ చదువు అననా, నీ పెళ్ళి అననా అనుకుంది. అంటే అవి కూడా వచ్చే నెల హాల్లో తమ్ముడి నోట తన గొంతుతోనే వినబడతాయని అర్థమై, ఒక్కటీ అనలేదు.

"ఆ చివర కాస్త పట్టుకో."

టేపు కొస గోడకి ఆనించి పట్టుకుంది.

"బిగించి పట్టుకోక్కా, వదులవుతోంది."

బిగించి పట్టుకుంది.

"ఐదడుగుల రెండంగుళాలు" అని తమ్ముడు నొసలు చిట్లించాడు. "నీ మంచం ఆరడుగులు కదా."

ఆమె చెప్పాల్సిన మాట ఆమే చెప్పాలని టేపు పట్టుకుని నిలబడ్డాడు.

"మంచం ఎందుకులే. నేను ముడుచుకునే పడుకుంటాను" అంది మడతక్క.

"అయితే సరిపోతుంది" అని తమ్ముడు ఆ కొలత ఫోన్లో రాసుకున్నాడు.